టీవీ మారింది.. బొమ్మ మారలేదు

పల్లెకు అందని హెచ్‌డీ వెలుగు
గడువు లేని మార్పుతో వీక్షకుడిపైనే భారం

శ్రీకాకుళం: నరసన్నపేట, టెక్కలి, పలాస దుకాణాల్లో ఎంత వెతికినా ఇప్పుడు పాత డబ్బా టీవీ కనిపించదు. గోడకు తగిలించే ఎల్‌ఈడీ టీవీలదే రాజ్యం. 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించడంతో పెద్ద తెరలూ మధ్యతరగతికి చేరువయ్యాయి. పండగకో, పెళ్లికో వాయిదాల పద్ధతిలో కొనుక్కున్న ఆ టీవీని ఇంట్లో బిగించాక పల్లెల్లో పలువురికి నిరాశే మిగులుతోంది. పాత టీవీలో కుదురుగా కనిపించిన ముఖాలు కొత్త తెరపై అడ్డంగా సాగి, మసకగా అగుపిస్తున్నాయి. దుకాణదారును నిలదీసినా ఫలితం ఉండదు. టీవీ కొత్తదే అయినా, దానికి కలిపిన సెట్‌టాప్ బాక్సు, అందులోకి వచ్చే ప్రసారం పాతవి కావడమే ఇందుకు కారణం.

ఐదు రెట్ల తేడా

సాధారణ (ఎస్‌డీ) ప్రసారంలో ఒక్కో చిత్రం 576 గీతలతో, గీతకు 720 చుక్కలతో ఏర్పడుతుంది. హెచ్‌డీలో గీతలు 1080, గీతకు చుక్కలు 1920. మొత్తం చుక్కలను లెక్కిస్తే తేడా సరిగ్గా ఐదు రెట్లు. ఎస్‌డీ ప్రసారాన్ని పెద్ద తెర నిండా చూపాల్సి వచ్చినప్పుడు, లేని చుక్కలను టీవీయే అంచనా వేసి నింపుకొంటుంది. అందువల్లే బొమ్మ అలుక్కుపోయినట్లు ఉంటుంది. హెచ్‌డీ బాక్సు తెచ్చుకున్నా ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుతో టీవీకి కలిపితే బొమ్మ మళ్లీ ఎస్‌డీ స్థాయికే దిగజారుతుంది. హెచ్‌డీఎంఐ వైరు వాడితేనే ప్రయోజనం.

నగరం ముందు.. పల్లె వెనుక

దేశంలో డీటీహెచ్ సేవలు 2003లో మొదలయ్యాయి. 2004 డిసెంబరులో దూరదర్శన్ నెల రుసుము లేని ఉచిత డీటీహెచ్‌ను ప్రారంభించింది. 2010 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన కామన్వెల్త్ క్రీడలను హెచ్‌డీలో ప్రసారం చేసింది. 2011లో జెమిని టీవీ హెచ్‌డీతో తెలుగు వినోద చానళ్లూ ఆ బాట పట్టాయి. అదే ఏడాది కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి డిజిటల్ విధానాన్ని నాలుగు దశల్లో తప్పనిసరి చేశారు. పొరుగున ఉన్న విశాఖపట్నం రెండో దశలో చేరింది. అక్కడ గడువు 2013 మార్చి 31. గ్రామాలు నాలుగో దశకు మిగిలాయి. పొడిగింపుల అనంతరం వాటికి 2017 మార్చి 31 వరకు సమయం ఇచ్చారు.

నాటి గడువు అనలాగ్ నుంచి డిజిటల్‌కు మారేందుకు మాత్రమే విధించింది. ఎస్‌డీ నుంచి హెచ్‌డీకి ఎప్పటిలోగా మారాలో నిర్ణయించలేదు. దాంతో ఆనాడు చౌకగా దొరికిన ఎస్‌డీ బాక్సులే ఎన్నో ఇళ్లలో స్థిరపడిపోయాయి.

పేరు ఒకటే.. చానళ్లు రెండు

ఇతర దేశాల్లో ఇందుకు భిన్నమైన దారి పట్టారు. బ్రిటన్‌లో బీబీసీ 2024 జనవరిలో ఉపగ్రహం ద్వారా ఇచ్చే ఎస్‌డీ ప్రసారాలను ఆపేసింది. జర్మనీలో ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ ఏఆర్‌డీ 2025 జనవరి 7న అదే పని చేసింది. తేదీ ముందుగా ప్రకటించి, వీక్షకులు సిద్ధపడ్డాక పాత ప్రసారానికి స్వస్తి పలికారు.

ఇక్కడ ఒకే ధారావాహిక, ఒకే వార్త రెండు చానళ్లలో సమాంతరంగా సాగుతోంది. ఎస్‌డీ వీక్షకులను వదులుకుంటే ప్రకటనల ఆదాయం తగ్గుతుందన్నది ప్రసారకర్తల బెంగ. రెండింటికీ ఉపగ్రహ సామర్థ్యం ఖర్చవుతుంది. హెచ్‌డీ కోరిన వీక్షకుడికి లెక్క వేరు. 2019లో అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం తొలి 100 ఎస్‌డీ చానళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా రూ.130. జీఎస్టీతో కలిపితే రూ.153.40. ఆ వందలో ఒక హెచ్‌డీ చానల్‌ను రెండు ఎస్‌డీ చానళ్లుగా లెక్కించారు. చానల్ ధర దీనికి అదనం. 2024 జులైలో రుసుముపై ఉన్న గరిష్ఠ పరిమితినీ తొలగించారు. దీంతో హెచ్‌డీకి మారడం వీక్షకుడి ఆర్థిక స్తోమతకే వదిలేసినట్లయింది.

ఉచిత డిష్ ఇళ్ల మాటేమిటి?

నెల రుసుము కట్టలేని కుటుంబాలకు డీడీ ఫ్రీడిష్ ఆధారం. జీశాట్-15 ఉపగ్రహం ద్వారా వచ్చే ఈ ప్రసారాల్లో పాత ఎంపెగ్-2, కొత్త ఎంపెగ్-4 విధానాలు రెండూ ఉన్నాయి. పాత బాక్సు కొత్త విధానాన్ని చదవలేదు. ఎంపెగ్-2ను ఒక్కసారిగా ఆపితే ఆ ఇళ్లలో తెర చీకటవుతుంది. ఎప్పటికీ కొనసాగిస్తే వారు పాత బొమ్మకే పరిమితమవుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చవిచూసిన ఈ జిల్లాలో టీవీ కేవలం వినోద సాధనంగా మిగలదు. హెచ్చరికలు ఇంటింటికీ చేరే మార్గాల్లో అదీ ఒకటి.

మరోవైపు ఫోన్లు, ఇంటర్నెట్ టీవీల వైపు మొగ్గు పెరిగింది. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో నెలకు రూ.149కే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి ఇస్తామంటూ ముందుకొచ్చింది. దేశంలో రుసుము చెల్లించే డీటీహెచ్ కనెక్షన్లు 2020 చివర్లో సుమారు 7 కోట్లు ఉండగా, 2025 మార్చి నాటికి 6 కోట్లలోపునకు పడిపోయాయి. ఖాతాదారులు జారిపోతున్న వేళ సొంత పెట్టుబడితో హెచ్‌డీ బాక్సులు తెచ్చేందుకు ఊరి కేబుల్ ఆపరేటర్ వెనుకాడటం సహజం.

తేదీ తేల్చాలి

ఒకే చానల్‌కు రెండు ధరల విధానాన్ని ట్రాయ్ పునఃసమీక్షించాలి. ఎస్‌డీ ముగింపునకు కనీసం రెండేళ్ల ముందు తేదీ ప్రకటించాలి. పాత బాక్సుకు బదులు కొత్తది సరసమైన ధరకు ఇచ్చే బాధ్యతను సంస్థలపై పెట్టాలి. ఉచిత డిష్ వాడే పేద కుటుంబాలకు ప్రభుత్వమే ఆ బాక్సు సమకూర్చాలి. బాక్సు లేకుండానే ఉచిత చానళ్లు అందుకునే టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఇప్పటికే ప్రమాణం రూపొందించింది. అలాంటి టీవీలు గ్రామీణ విపణికి చేరితే భారం కొంత తగ్గుతుంది.

అంతవరకు కొనుగోలుదారు అప్రమత్తంగా ఉండటమే శరణ్యం. టీవీ ధర అడిగే ముందు ఇంట్లో బాక్సు ఏదో, వైరు ఏదో చూసుకోవాలి. లేకుంటే వేలు పోసి కొన్న కొత్త అద్దంలో పాత మసకే కనిపిస్తుంది.