ఆరోగ్యము: పాలు పడనివారు

నెల్లూరు తీరమున ఒకే యింటిలో అక్కకు గ్లాసెడు పాలు సుఖముగా అరుగును. చెల్లెలికి కడుపుబ్బరము, నొప్పి, విరేచనములు కలుగును. పెద్దలు దీనిని మొండితనమని నిందింతురు. అది న్యాయము కాదని మా మనవి.

పాలలోని చక్కెర పేరు లాక్టోసు. దానిని అరిగించు లాక్టేసు శైశవమున సమృద్ధిగా నుండి, వయస్సుతో పెక్కుమందికి తగ్గును. కొందరికి మాత్రము వంశక్రమమున వచ్చిన జన్యుభేదమువలన తగ్గదు. తల్లిదండ్రులలో నొక్కరినుండి సంక్రమించినను చాలును. అట్టి భేదము నొకదానిని 2002లో ఫిన్లండు పరిశోధకులు గుర్తించిరి. ఉత్తరదేశముకంటె మన దక్షిణమున నది తక్కువమందికే కలదు. అయినను బాధ యెంత తీవ్రమగునో జన్యువొక్కటియే నిర్ణయింపదు. త్రాగిన పాల కొలత, ప్రేగులలోని సూక్ష్మజీవులు, ప్రేగుల సున్నితత్వము కూడ కారణములే.

కావున సోదరీమణులారా, బలవంతముగా పాలు త్రాగింపకుడు. కొద్దిపాలు భోజనముతో నిచ్చి చూడుడు. పెరుగు, మజ్జిగ పలువురికి సరిపడును; తోడులోని సూక్ష్మజీవులు లాక్టోసును కొంత హరించును. కాల్షియమునకు రాగిసంకటియు, ముండ్లతో నమలి తిను నెత్తళ్లును కలవు. చంటిబిడ్డకు తల్లిపాలు మాన్పరాదు. మలమున రక్తము, అకారణముగా చిక్కుట, మ్రింగుటకు కష్టము కలిగినచో వంశలక్షణమని యూరకుండక వైద్యునికి చూపవలెను.