కోడి మందుకు చీటీ ఎవరు రాయాలి?

హైదరాబాద్ చిక్కడపల్లిలో చికెన్ షాపు ముందు బోర్డు మీద మూడు ధరలు రాసి ఉంటాయి: లైవ్, విత్‌స్కిన్, స్కిన్‌లెస్. ఆ కోడికి ఏ మందు వేశారో, చివరి డోసుకూ కోతకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో ఎక్కడా ఉండదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు గుడ్డు, చికెనే అందుబాటు ధరలో దొరికే బలమైన తిండి. ఆ వివరం తెలుసుకునే దారి వాళ్లకు లేదు.

నిబంధన లేక కాదు. మందు ఆపాక ఎన్ని రోజులు పాలు, గుడ్లు, మాంసం అమ్మకూడదో పశువుల మందు లేబుల్ మీదే రాయాలని 2012లో ఔషధ నిబంధనల్లో చేర్చారు. గడువు విడిగా తేల్చని మందుకు పాలు, గుడ్ల విషయంలో కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. బ్రాయిలర్ కోడి బతికేదే 40 రోజులు, అటూ ఇటూగా. అంటే అలాంటి మందు రెండో వారం దాటాక వేస్తే ఆ బ్యాచ్‌ను అనుకున్న రోజుకు లారీ ఎక్కించకూడదు. మేత ఖర్చు రోజురోజుకీ పెరుగుతుంటే వేల కోళ్లను షెడ్డులో ఆపేదెవరు? ఆపారో లేదో చూసేదెవరు?

రైతును నిందించడం తేలిక. కాంట్రాక్టు పెంపకంలో పిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. ఆయనకు దక్కేది కిలోకు ఇంత అని పెంపకం చార్జీ. మేతలో ఏం కలిసిందో ఆయనకే తెలియకపోవచ్చు. అందుకే లెక్క చెప్పాల్సింది కంపెనీయే. పాడి రైతు ఇబ్బంది వేరు. పొదుగు వాపు వచ్చిన గేదెకు మందు ఎక్కించి, గడువు తీరేదాకా పాలు పారబోయమంటే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? ఆ నష్టాన్ని డెయిరీలు, ప్రభుత్వం పంచుకోకుండా నీతులు చెబితే వినేవారుండరు.

కొలిస్టిన్ ఉదంతం మరవకూడదు. ఐసీయూలో మిగతా మందులు పని చేయనప్పుడు వైద్యులు ఆఖరి ఆశగా వాడే యాంటీబయాటిక్ అది. దాన్ని కోళ్లు త్వరగా బరువెక్కడానికి మేతలో కలిపారు. దానికి లొంగని గుణాన్ని ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి మోసే జన్యువు 2015లో చైనాలో బయటపడింది. ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్‌ను మన దేశం నిషేధించింది 2019 జులైలో. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లపై అలాంటి నిషేధానికి 2025 మార్చి దాకా ఆగాం. యూరప్‌కు వెళ్లే మన పెంపకపు రొయ్యల సరుకులో సగాన్ని మందు అవశేషాల కోసం అక్కడి అధికారులు పరీక్షించాలని 2016లోనే నిర్ణయించారు. ఆంధ్ర చెరువుల రైతులకు ఆ నిఘా ఎంత గట్టిదో తెలుసు. మన వంటింటికి వచ్చే సరుకు మీద అంత నిఘా ఎందుకు వద్దు?

ఉడికిస్తే మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా చస్తుంది, నిజమే. కానీ పచ్చి మాంసం తగిలిన చేతులు, కత్తి, సింకు దాన్ని ముందే ఇల్లంతా తిప్పుతాయి. పైగా మందు అవశేషాలు ఉడికినంత మాత్రాన పూర్తిగా పోవు.

నారాయణగూడలో మనుషుల రోగాలను పరీక్షించే ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్, పశువుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి రెండూ ఉన్నాయి. ఏ సూక్ష్మజీవి ఏ మందుకు లొంగడం లేదో మనుషులకూ పశువులకూ కలిపి ఒకే నివేదికగా ప్రతి నెలా ప్రకటించే పని అక్కడే మొదలుపెట్టవచ్చు. పశువైద్యుడి చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఫారానికి చేరకూడదు. ఆ చీటీ నకలు బ్యాచ్ వెంట షాపుదాకా రావాలి. రాష్ట్ర పశుసంవర్ధక, ఆరోగ్య శాఖలు కలిసి కూర్చుని కోళ్ల కంపెనీలకు ఈ షరతు వెంటనే పెట్టాలి.