ఎల్క్ జింకల కుంటు: పాడి రైతులు గమనించాల్సింది

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నైరుతి ప్రాంతంలో ఎల్క్ జింకలు గిట్టల వ్యాధితో కుంటుతున్నాయి. ఇవి మన కణుజుల్లాంటి పెద్ద జింకలు. 1990వ దశకంలో కౌలిట్జ్ నది పరీవాహక ప్రాంతంలో అక్కడక్కడా కనిపించిన ఈ సమస్య 2008 ప్రాంతం నుంచి బాగా పెరిగింది. తర్వాత ఆరెగాన్, ఐడహో, కాలిఫోర్నియాల్లోనూ బయటపడింది.

ఈ వ్యాధికి ట్రెపోనిమా బ్యాక్టీరియాతో సంబంధం ఉంది. పాడి పశువుల్లో డిజిటల్ డెర్మటైటిస్ అనే గిట్టల పుండ్లలో కనిపించేదీ ఈ రకం బ్యాక్టీరియాయే. మొదట గిట్టల మధ్య పుండు పడుతుంది. క్రమంగా గిట్ట వంకరగా పెరిగి, ముదిరితే ఊడిపోతుంది. నడవలేని జింక మేత అందక చిక్కిపోతుంది.

అడవి జింకలకు దీనికి టీకా లేదు, చికిత్సా లేదు. జబ్బు గిట్టలు కలిపిన మట్టిపై తిరిగిన ఆరోగ్యవంతమైన ఎల్క్‌లకూ వ్యాధి సోకినట్లు వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధనలో తేలింది. వ్యాధి ఉన్నచోట వేటగాళ్లు గిట్టలను అక్కడే వదిలేయాలన్న నిబంధన పెట్టారు.

అడవి జింక కాలు ఎత్తి చూసేవారు లేరు. మన పశువుకు మనమున్నాం. కాబట్టి:

• కొట్టంలో తడి, పేడ నిల్వ ఉండనీయవద్దు.
• కొత్తగా కొన్న పశువును విడిగా కట్టి, గిట్టలు పరీక్షించండి.
• గిట్టలు కోసే కత్తిని శుభ్రం చేశాకే మరో పశువుకు వాడండి.
• పశువు కుంటితే ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి.