సంపాదకుని మాట: దుమ్ముగూడెపు వ్రాతలు

స్పెయిను ఏలుబడిలో 1769లో ఆరంభమై తుదకు 21కి చేరిన కాలిఫోర్నియా మిషనుల జ్ఞానస్నాన, మరణ పట్టికలను వరుసగా పరిశీలించి, అచ్చటి ఆదివాసులు పొందిన జనక్షయమును పండితులు నిరూపించుచున్నారు. అట్టి పరిశ్రమ మన గోదావరీ తీరమునకును కావలెను. రేగొండ చెంతనున్న పాండవుల గుట్టల రాతిచిత్రములకు అబ్బురపడి, మేడారము జాతరకు బండ్లు కట్టుకొని పోవు మనలో, దుమ్ముగూడెమున చర్చి మిషనరీ సొసైటీ పక్షమున నివసించిన జాన్ కెయిన్ కోయలనుగూర్చి 1870ల దశాబ్దమున 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో ప్రకటించిన వ్యాసములను చదివినవారు అరుదు.

కోయల పెండ్లి రీతులలో ఒకదాన వధువు తల వంచగా వరుడు తన శిరమును ఆమె శిరముపై ఆనించుననియు, చెలికాండ్రు పోసిన నీరు అతని తలనుండి ఆమె తలపైకి జాఱినంతనే వారు దంపతులగుదురనియు ఆయన వ్రాసెను. ఇంత దగ్గఱగా చూచిన కన్ను మతవ్యాప్తికై వచ్చినవాని కన్నును అగుటచే, కోయల దైవములనుగూర్చి ఆయన చెప్పినదానిని కోయలనడిగి సరిచూడక గ్రహింపరాదు. దక్షిణ భారత కులములను, తెగలను వర్ణించిన థర్‌స్టన్ 1909 నాటి తన ఏడు సంపుటములలో ఆ వ్రాతలనే విరివిగా ఉదాహరింపగా, ఒక్కని మాటయే ప్రమాణమై నిలిచినది. ఇది మాకు సమ్మతము కాదు.

కావున పడిగె అను బొమ్మల గుడ్డపటమును విప్పి గోత్రకథలు చెప్పు కోయల గాయకులగు డోలీల పలుకులను, కోయ పెద్దల జ్ఞాపకములను వారి మాటలలోనే వ్రాసి పంపుడని రేగొండ, భూపాలపల్లి, ములుగు ప్రాంతముల పాఠకులను ప్రార్థించుచున్నాము.