ఎద్దును వదిలేసి చచ్చినవాణ్ణి తిడుతున్నాం

పురుగుమందు కొడుతూ పడిపోయి చనిపోయిన కూలీని సమాధి చేసి వచ్చాక మన సంఘాల్లో ఒక మాట వినిపిస్తుంది. "పాపం, ముఖానికి గుడ్డయినా కట్టుకోవలసింది." పక్కనున్నవారు అందుకుంటారు. "గాలికి ఎదురు కొట్టకూడదని ఎంత చెప్పినా వినరండీ." అంతటితో విచారణ ముగుస్తుంది. నేరస్థుడు దొరికాడు, ఇప్పుడే పూడ్చిపెట్టి వచ్చాం.

ఈ మాట మనం కనిపెట్టింది కాదు, మనకు నేర్పిన మాట. 2017 వానాకాలంలో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. యవత్మాల్ మనకు దూరం కాదు. పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్. పాండర్‌కవడా, వణి వైపు మన భాష మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ ఏడు పత్తి చెట్లు మనిషెత్తు పెరిగాయి. బీటీ పత్తికి లొంగని గులాబీ రంగు పురుగు విరుచుకుపడింది. కూలీలు రెండు మూడు మందులు కలిపి, గొట్టం తలకన్నా ఎత్తున పట్టుకుని కొట్టారు. అదంతా తిరిగి వాళ్ళ తలమీదే పడింది. వాంతులు, మసకబారిన చూపు, ఆడని ఊపిరి. తర్వాత వచ్చిన అధికారులూ, మందుల కంపెనీలవాళ్ళూ పాడింది ఒకటే పాట: కూలీలు రక్షణ దుస్తులు వేసుకోలేదు.

నిజమే, వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదో ఆ దుస్తులు ఒక్క పూట వేసుకుని చూస్తే తెలుస్తుంది. వాన వెలిసిన తర్వాతి ఉక్కలో, నిండిన పంపు వీపున మోస్తూ, బురదలో నడుస్తూ, రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, మాస్కు, ఒళ్ళంతా కప్పే కోటు! అద్దాలకు ఆవిరి పడితే సాలు కనపడదు. పైగా అవి కొనిచ్చేదెవరు? ఇది మన కూలీల బద్ధకం సంగతి కాదని ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పురుగుమందుల మీద ఒక నియమావళి ఇచ్చాయి. వేసుకోవడానికి ఇబ్బందిగా ఉండే, ఖరీదైన, సులువుగా దొరకని రక్షణ దుస్తులు అవసరమయ్యే మందులను మానుకోవాలని, వేడి దేశాల్లోని చిన్న రైతులు, కూలీల విషయంలో మరీ ముఖ్యంగా మానుకోవాలని అందులో ఉంది. అంటే తొడుగు లేకుండా ముట్టుకోలేని మందును తొడుగు లేనివాడికి అమ్మకూడదు. దాన్ని మనం తిరగేసి చదువుతున్నాం.

నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. మన పెద్దలకు ఎద్దులు తెలుసు కనుక ఆ భాగం వారికి వివరించనక్కరలేదు. ఎద్దు హఠాత్తుగా పొడిచి మనిషి చస్తే యజమాని నిర్దోషి. కానీ అది పొడిచే ఎద్దని ముందే తెలిసి, అతణ్ణి హెచ్చరించి కూడా ఉంటే, అతను కట్టెయ్యకుండా వదిలితే దోషం అతనిదే. చచ్చినవాడు పక్కకు తప్పుకోలేదేమని అక్కడ ఎవరూ అడగరు.

ఇక్కడ ఎద్దు సంగతి యజమానికి తెలియదా? భోపాల్ అనగానే గ్యాస్ అంటాం, ఆ కర్మాగారం చేసింది పురుగుమందు అన్నది మన యవ్వనస్తుల్లో చాలామందికి తెలియదు. సెవిన్ అనే మందు తయారీకి నిల్వ ఉంచిన విషమే 1984 డిసెంబరులో వేలమందిని చంపింది. ఆ సెవిన్‌లోని కార్బరిల్ మన దేశంలో నిషేధమైంది 2018లో. ముప్పై నాలుగేళ్ళు! మోనోక్రోటోఫాస్ కథ కూడా అంతే. అమెరికా 1988లోనే వదిలేసింది. 2013లో బీహార్‌లో ఒక బడి భోజనంలో అది కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. మన దగ్గర దాని ప్రధాన రకాన్ని ఆపాలన్న ఉత్తర్వు 2023లో గానీ రాలేదు. అంతకు చాలా ముందే కూరగాయల మీద మాత్రం వద్దన్నారు. వంకాయ మీద కొట్టకూడదు, పక్క చేలో పత్తి మీద కొట్టవచ్చు. వంకాయను తినేవాడున్నాడు, పత్తికి ఉన్నది కొట్టేవాడు మాత్రమే.

మన 1968 నాటి పురుగుమందుల చట్టం పుట్టిన తీరు కూడా ఇదే చెబుతుంది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. దాని మీద విచారణ జరిగి, పదేళ్ళకు చట్టం వచ్చింది. తిన్నవారి చావు చట్టం తెచ్చింది. కొట్టినవారి చావు ఒక మాస్కు తెచ్చింది.

గడ్డిమందుగా అమ్మే పారాక్వాట్‌కు విరుగుడే లేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతుంటే డాక్టరు చూస్తూ ఉండవలసిందే. ఐరోపా సమాఖ్యలో అది 2007 నుంచి లేదు. ఇంగ్లాండులోనూ తమ పొలాల్లో వాడనివ్వరు, కానీ అక్కడి ఫ్యాక్టరీలో తయారుచేసి బయటి దేశాలకు పంపారు. ఒడిశాలోని బుర్లా ప్రభుత్వ వైద్య కళాశాల డాక్టర్లు రోగుల చావులు చూడలేక 2019లో దీన్ని నిషేధించమని ఆందోళనకు దిగారు. డాక్టర్లు రోడ్డెక్కారు, సంఘాలు ఎక్కలేదు. ఎండోసల్ఫాన్ విషయంలోనూ అంతే. కాసరగోడ్ జీడి తోటల మీద ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో చల్లారు, పక్కనే దక్షిణ కన్నడలోనూ పిల్లలు వైకల్యాలతో మంచాన పడ్డారు. చివరకు 2011 మేలో సుప్రీంకోర్టు ఆపింది. హెలికాప్టరు కింద ఇంట్లో ఉన్న పసిబిడ్డను కూడా చేతి తొడుగు వేసుకోలేదని తిడదామా?

అసలు దీన్ని 'మందు' అనడంలోనే మోసం ఉంది. తెలుగులో మందు, తమిళంలో మరుందు, మరాఠీలో ఔషధ్. జబ్బు తగ్గించేదానికీ ప్రాణం తీసేదానికీ ఒకే పేరు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషం తీవ్రతకు గుర్తులు. ఆకుపచ్చ ఉంటే ప్రమాదం లేదనుకునేవారు ఎందరో. ఆకుపచ్చ అంటే తక్కువ విషం, విషం లేదని కాదు.

"మందు లేకపోతే పంటెక్కడిది? అప్పు మీరు తీరుస్తారా?" అని రైతు సోదరుడు అడుగుతాడు. కోపగించుకోను. విత్తనం ఇచ్చేది, అప్పు ఇచ్చేది, ఏ పురుగుకు ఏం కొట్టాలో చెప్పేది ఒకే షాపు అయినప్పుడు అతనికి ఇంకో దారి కనపడదు. కానీ దారి ఉంది. పాత ఖమ్మం జిల్లా పునుకుల రైతులు ఇరవై ఏళ్ళ క్రితమే పురుగుమందులు మానేసి, వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణంతో పత్తి పండించారు. ఆ పని ముందుకు తోసింది ఆడవాళ్ళు. శ్రీలంక 1990ల నుంచి అతి ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటే ఆపుతూ వచ్చింది. ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి, దిగుబడి పడిపోలేదు. (2021లో ఆ దేశం రసాయన ఎరువులన్నీ ఒక్కసారిగా ఆపి దెబ్బతిన్న సంగతి వేరు. దయచేసి రెండూ కలపకండి.)

ఇక మన ఇంటి సంగతి. కోత పండుగ నాడు గుమ్మడికాయలు, అరటిగెలలు, కొత్త వడ్లు బలిపీఠం ముందు పెడతాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తాం, ఎంత వచ్చిందో మైకులో చెబుతాం. ఆ పంటకు పంపు మోసినవాడు చాలా చోట్ల మన సంఘంలో వెనక వరుసలోనే కూర్చుని ఉంటాడు, భూమి లేని దళిత విశ్వాసి. ఆ పంపుకు నీళ్ళు తెచ్చింది, ఆ రాత్రి అతని బట్టలు ఉతికింది అతని భార్య. ఆమెకు ఏ తొడుగూ ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వాలని కూడా ఎవరికీ తోచలేదు.

చాలా సంఘాలకు, మిషన్లకు పొలాలున్నాయి. వాటిని కౌలుకిస్తాం. కౌలు ఎంతో కాగితంలో రాసుకుంటాం, అందులో ఏం కొట్టకూడదో రాయం. ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం ఉన్న మందులు ఈ పొలంలో కొట్టకూడదని వచ్చే కౌలు కాగితంలో ఒక వాక్యం రాయండి. దానికి తగ్గట్టు కౌలు తగ్గించండి, లేకపోతే ఆ భారం మళ్ళీ కౌలుదారు మీదే పడుతుంది. మన మిషన్ ఆసుపత్రుల్లో మందు కొట్టి పడిపోయి వచ్చినవారి పేరు పక్కన ఆ మందు పేరు, కంపెనీ పేరు కూడా నమోదు చేయండి. పేరు లేని విషం మీద ఏ కోర్టులోనూ కేసు నిలవదు. యవ్వనస్తుల చేతుల్లో ఫోన్లున్నాయి, డబ్బా పారేయకముందే ఫోటో తీసి పెట్టండి.

ఈసారి కోత పండుగకు కమిటీ కూర్చున్నప్పుడు, వేలంపాటకు ముందు, మన పొలంలో ఈ ఏడు ఏ మందు కొట్టారని లేచి అడగండి. ఎవరికీ తెలియకపోతే ఆ మాట మినిట్స్‌లో రాయించండి.