ఉపవాసం నాటి త్రేనుపు



‘ఉద్గారము’ అన్న మాటకు మా విద్యార్థిదశలో గురువులు చెప్పిన అర్థం త్రేనుపు. పత్రికలవారు ఇప్పుడు దానిని వాహనాల పొగకు వాడుతున్నారు. తోటి పండితులు కొందరు నొసలు చిట్లిస్తారు గాని, నాకు ఆ ప్రయోగం మిక్కిలి నచ్చింది. తిన్నదానిని బట్టి త్రేనుపు; ఇంజనుకైనా అంతే గదా! అయితే మన దేశంలో కార్లకు చేసే పొగపరీక్ష ఎటువంటిదంటే, భోజనప్రియుడైన ఒక పెద్దమనిషిని ఏకాదశినాడు కూర్చోబెట్టి, వాని త్రేనుపు వాసన చూచి, ‘ఇతడు మితాహారి’ అని ఏడాదికి సరిపడా యోగ్యతాపత్రం వ్రాసి ఇవ్వడం వంటిది.

హైదరాబాదు–విజయవాడ రహదారి మా జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోతుంది. 2010లో అంకెలు మార్చి 65 అన్నారు గాని మావాళ్ల నోట అది నేటికీ తొమ్మిదో నంబరు రోడ్డే. (2022లో మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో చేర్చారు; నా నోటికి మాత్రం ఇది కృష్ణా జిల్లా మెట్టప్రాంతమే. అలవాట్లు అంత తేలికగా పోవు.) సిమెంటు లారీల రొదకు మా చెవులు ఎప్పుడో అలవాటు పడ్డాయి. ఈమధ్య అర్ధరాత్రివేళ దానిని మించి, టపాకాయల పేటను అంటించినట్లు పేలుతూ పోయే కార్లు వస్తున్నాయి. ఆ పేలుడు శౌర్యధ్వని అని కుర్రవాళ్లు మురుస్తారు. అది ఇంజనులో కాలక మిగిలిన పెట్రోలు పొగగొట్టంలోకి వచ్చి మండే చప్పుడు. డబ్బు పెట్టి కొన్న ఇంధనాన్ని సైలెన్సర్లో తగలబెట్టుకుంటున్నారన్నమాట.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు, ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, అటువంటి బండితోనే పండుగకు వచ్చాడు. తెలివిగలవాడు, వినయవంతుడు. నేను రెండు మాటలు అనేసరికి ఫోను తీసి పత్రం చూపించాడు. “పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉంది మాస్టారూ! పాసయిన బండికి పేరు పెడితే ఎలా?” అన్నాడు. ఈ టపా ఆ వాదం మీదనే. ఎందుకంటే ఇది వాడొక్కడి వాదం కాదు; చదువుకున్నవాళ్లందరి నోటా ఇదే మాట.

ముందు బండికి ఏమి చేయిస్తారో చెప్పాలి. పెట్రోలు కారు పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఒకటి ఉంటుంది. లోపల తేనెపట్టు వంటి గదులు, వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడును, కాలని ఇంధనపు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడులను అది పట్టి తక్కువ హాని చేసే వాయువులుగా మారుస్తుంది. పొగ ధారాళంగా పోవడానికి అది కొంత అడ్డు గనుక వేగప్రియులు దానిని ఊడదీసి ఉత్త గొట్టం బిగిస్తారు. ఆపైన ఈసీయూ అనే, ఇంజనుకు మెదడు వంటి పెట్టెలోని లెక్కలు మార్చి ఇంధనం ఎక్కువ పోయిస్తారు, టర్బో ఒత్తిడి పెంచుతారు. దీనిని రీమ్యాప్ అంటారు.

ఇక పరీక్ష. బీఎస్-4 పెట్రోలు కారును నిలబెట్టి, గేరు వేయకుండా ఇంజను తిప్పి, గొట్టంలో కడ్డీ పెడతారు. కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల పాళ్లకు 200 దాటకూడదు. నిమిషానికి సుమారు 2,500 చుట్ల వద్ద మరొకసారి చూడాలి. అంతే! బండి అడుగు కదలదు, బరువు లాగదు. నైట్రోజన్ ఆక్సైడుల ఊసే లేదు. డీజిలు బండికైతే యాక్సిలరేటరు తొక్కి పొగ నలుపు కొలుస్తారు. అక్కడా ఆ ఆక్సైడుల లెక్క లేదు. రీమ్యాప్ చేసినవాడు మార్చేది కాలు బలంగా నొక్కినప్పటి లెక్కలను. ఖాళీగా తిరిగేటప్పటి లెక్కలను కంపెనీ పెట్టినట్లే ఉంచుతాడు. డబ్బా లేకపోతే తప్పుతుందేమోనన్న భయముంటే, పరీక్షనాడు పాతది బిగించి, మరునాడు విప్పేస్తాడు. ముప్ఫై ఏళ్లకు పైగా జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. రేపు వచ్చే ప్రశ్న ముందే తెలిసిన విద్యార్థికి నూటికి నూరు వస్తే నేను చప్పట్లు కొట్టలేను.

కడ్డీ పెట్టకుండానే పత్రాలు పుట్టే చోట్లూ ఉన్నాయి. ఢిల్లీ విషయంలో కాగ్ ఇచ్చిన నివేదిక 2025 ఏప్రిల్‌లో అక్కడి శాసనసభ ముందుకు వచ్చింది. హద్దు దాటిన పొగ నమోదైనా పత్రం పొందిన బండ్లు లక్షా ఎనిమిది వేలకు పైన! ఒకే కేంద్రంలో ఒకే క్షణాన ఒకటికి మించి బండ్లను పరీక్షించినట్లు చూపిన సందర్భాలు 7,643. దేశ రాజధానిలో, అంతమంది న్యాయమూర్తుల కళ్లెదుట జరిగిన భాగవతమిది.

“పెద్ద పెద్ద కంపెనీలే చేశాయి కదా” అన్నాడు నా శిష్యుడు. నిజమే. ఫోక్స్‌వాగన్ సంస్థ తన డీజిలు కార్లలో, పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి ఒదిగి కూర్చునే సాఫ్ట్‌వేరును పెట్టింది. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ దానిని బయటపెట్టింది. రోడ్డు మీద ఆ కార్ల నైట్రోజన్ ఆక్సైడులు హద్దుకు నలభై రెట్ల దాకా ఉన్నాయన్నది. మన దేశంలోనూ మూడు లక్షల ఇరవై మూడు వేలకు పైగా బండ్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. 2019 మార్చిలో జాతీయ హరిత న్యాయస్థానం అయిదు వందల కోట్ల జరిమానా వేసింది, సుప్రీంకోర్టు తరువాత దాని వసూలును నిలిపింది. నాయనా, ఆ కంపెనీ చేసిన పనినే నీవు సొంత ఖర్చుతో చేయించుకున్నావు, తేడా అంతే!

వాని రెండవ వాదం బలమైనది. “లారీలను వదిలి నన్ను పట్టుకుంటారా?” అన్నాడు. లారీలను వదలమని నేనెక్కడ అన్నాను? చిల్లకల్లు టోలుగేటు దగ్గర నిలుచుంటే ఎవరి గొట్టం ఎంత నలుపో చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. కానీ లారీ పొగ పీల్చే ఉబ్బసరోగికి నీ పొగ మందు కాదు. పైగా లారీవాడు మరమ్మతుకు డబ్బులేక పొగ వదులుతాడు. నీవు డబ్బిచ్చి వదిలిస్తున్నావు.

అయినా నా కోపమంతా కుర్రవాళ్ల మీద కాదు. చట్టాన్ని చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. అదే ఏటి సవరణలో 182ఎ చేర్చి, ఒక్కొక్క మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. నిషేధం ఇంత గట్టిది. కాని పొగ పరీక్షించేవాడు బానెట్ ఎత్తి చూడడు. వ్రాత ఒకటి, చేత ఒకటి. అడిగి చేయించుకుందామనుకునే నిజాయితీపరుడికి దారి మూసి, అడగనివాడికి దొడ్డితలుపు తెరిచి ఉంచారు.

కాలిఫోర్నియాలో వేరే పద్ధతి. ఏ విడిభాగం బిగించినా పొగ పెరగదని అక్కడి వాయుమండలి పరీక్షించి ఒప్పుకుంటే దానికొక ఉత్తరువు అంకె ఇస్తుంది. ఆ అంకె ఉన్న భాగం బిగించుకోవచ్చు. పరీక్షించేవాడు బానెట్ ఎత్తి భాగాలు చూస్తాడు. 2021 జూలై నుంచి ఈసీయూలోని సాఫ్ట్‌వేరు కంపెనీదో, మార్చినదో కూడా చూస్తున్నారు, వాయుమండలి ఒప్పుకోని మార్పైతే తప్పినట్లే. వేగం కావలసినవాడికి అక్కడ ఒక దారి ఉంది, దొంగకు అడ్డూ ఉంది. మనవాళ్లు ఈసీయూను చదివే పరికరాన్ని పొగ కేంద్రాలలో పెట్టడానికి ఏమి కష్టం? వీధి మెకానికుల దగ్గరే అది ఉన్నది! ఇంకా గుర్రాలు చాలనివారికి మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో పందెపు బాటలున్నాయి, అక్కడ తనివితీరా తోలుకోవచ్చు. నందిగామ వాళ్ల నిద్ర దానికి అవసరం లేదు.

శాన్‌హోసే, ఫ్రీమాంట్ వైపు ఉండే బ్లాగ్మిత్రులు తమ బండ్లకు ఈ పరీక్ష ఎంతసేపు చేస్తారో, ఎంత పుచ్చుకుంటారో, సాఫ్ట్‌వేరు మార్చి పట్టుబడినవారిని ఏమి చేయమంటారో వ్యాఖ్యలలో వ్రాయగలరు. రవాణాశాఖకు ఒక వినతిపత్రం తయారు చేస్తున్నాను, అందులో చేరుస్తాను.