టిప్పు ఎవరికి?

సెలూన్‌లో టిప్పు ఇవ్వాలా వద్దా అని మన పిల్లలు అడుగుతున్నారు. పట్నంలో కుర్చీ చూపించి, గడ్డం పట్టుకొని పనిచేసిన మంగలన్నకు పదో పాతికో ఎక్కువియ్యండి. విసరొద్దు, చేతిలో పెట్టండి. కళ్లంకాడ దొరలు ఆయనకూ మనకూ గింజలెట్ల విదిలించారో యాదికుంది గదా!

ఊళ్లో సంగతి వేరు. ‘పగలు రావద్దు, చీకటి పడ్డాక రా, పైసలు ఎక్కువియ్యి’ అంటే ఒక్క పైసా ఎక్కువియ్యొద్దు. మాలమాదిగల తల ముట్టిన కత్తెర మాకొద్దని పెద్దకులపోళ్లు ఆయన్ని బెదిరిస్తారు, నిజమే. ఆయన పొట్ట మీద కొడతారు. అందుకే ఫిర్యాదులో ముందు బెదిరించినోళ్ల పేర్లు రాయండి. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ‘దుకాణం’ అన్నచోట క్షౌరశాలను పేరు పెట్టి చేర్చింది. అంటరానితనం పాటించి పని చెయ్యననడం నేరం. పగలే పోయి అదే కుర్చీ, అదే రేటు అడగండి.